గంటల చీటీ

ఆగస్టు 3, ఆదివారం

మా ఆయన రాజీవ్ గుమాస్తాగా ఉన్న సౌకార్‌పేట హోల్‌సేల్ కొట్టువాళ్లు ఏటేటా ఇచ్చే డైరీ ఇది. మొదటి నలభై పేజీల నిండా మా అమ్మాయి జనని ట్రిగనామెట్రీ. పదకొండో తరగతికి వేరే నోటు పుస్తకాలు కొనిచ్చాక దీన్ని నా మీద పడేసింది. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న డైరీని పారెయ్యడానికి మనసొప్పలేదు. అంతే, వేరే కారణమేమీ లేదు.

ఉంది. పదమూడో తేదీన ఆడిటు. మేం వైర్లను గుత్తులుగా, హార్నెస్‌లుగా కట్టి పంపే పెద్ద కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి వచ్చి హాజరు పుస్తకాలు చూస్తుందట. గంటల చీటీ గురించి ఆమెకు ఎలా చెప్పాలో మొదలాళి నన్నే ఆలోచించుకోమన్నారు. మొదలాళి అంటే మా యజమాని కోదండరాం గారు. అంబత్తూరులో తెలుగువాడైనా తమిళుడైనా యజమాని మొదలాళే. కాబట్టి ఇక్కడ రాసి చూసుకుంటాను.

'అమ్మా, మా లైనులో పదిమంది ఆడవాళ్లం. శనివారం సాయంత్రం ఒక్కో గంట ఎక్కువ పనిచేస్తాం. నాలుగు శనివారాలకు నలభై గంటలు పోగవుతాయి. అంటే ఐదు పనిదినాలు. ఆ ఐదు రోజులూ నెలకొకరికి. జీతం కోత ఉండదు, పని ఆగదు, బతిమాలుకోవడం ఉండదు. పది నెలలకు పదిమందికీ వస్తాయి. ఒకామె కూతురి పురిటికి వాడుకుంది, ఒకామె ఇల్లు మారడానికి వాడుకుంది. చీటీ పాట లాంటిదే, కాకపోతే డబ్బుకు బదులు గంటలు వేస్తాం.'

బాగానే ఉంది. వినేవాళ్లకు మంచి మాటే అనిపిస్తుంది. ఈ ఆలోచన నాదేనని కూడా చెప్పనా? వద్దులే.

ఎనిమిది చీటీలు అయిపోయాయి, తొమ్మిదోది రేపు మొదలు. పదోది మునెమ్మది, సెప్టెంబరులో. తొలి చీటీ, పోయిన డిసెంబరులో, నాది. నడిపేవాళ్లకే తొలి చీటీ అన్నది మా ఇళ్లల్లో చీటీ పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆగస్టు 4

బస్సులో సీటు దొరికింది. సోమవారం పూట ఇదొక వరం.

ఆగస్టు 6, బుధవారం

ఆడిటు మాట వినగానే మామగారికి హుషారొచ్చింది. డెబ్బై నాలుగేళ్ల వరదరాజులు గారికి రోజుకు రెండు పేపర్లు, రెండు డబ్బాల నశ్యం, తిట్టడానికి ఒక ప్రభుత్వం ఉంటే చాలు. ఏ ప్రభుత్వమైనా ఒకటే, ఆయనకు పక్షపాతం లేదు. ముప్పై ఏళ్లు సౌకార్‌పేటలో కాగితం వ్యాపారం చేసి, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా దుకాణం మూసి వచ్చారు.

ఎక్కువ గంటలకు రెట్టింపు కూలి ఇచ్చి తీరాలని, గంటకు గంట సెలవు ఇస్తే చెల్లదని రూలు ఉందట మామా, అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ అందుకున్నారు.

"దుడ్డు కావాల్నా, దినం కావాల్నా అనేది కష్టపడే ఆడది చెప్పాల. ఢిల్లీలో కూచున్నోడు చెప్పేదేంది? ఎవురి గంటలు వాళ్ల సొత్తు గదమ్మాయ్. నా సొత్తు నేను ఎట్ల కర్చు పెట్టుకుంటే వాడికేమి?"

ఆడవాళ్లు పైకి రావాలంటే పథకాలు అక్కర్లేదని, దారికి అడ్డం తొలగి పక్కకు నిలబడితే చాలని ఆయన సిద్ధాంతం. ఉచిత బస్సు అంటే మరీ మంట. ఊరికే వచ్చింది ఒంటికి పట్టదంటారు. నేను రోజూ వాషర్‌మెన్‌పేట నుంచి అంబత్తూరుకు పోయి వచ్చేది ఆ ఉచిత బస్సులోనే. నెల నెలా టికెట్టుకు మిగిలిన దానిలోంచే మీ నశ్యం వస్తోంది మామా అన్నాను. అప్పుడు మాత్రం వినికిడి కాస్త తగ్గింది.

మొత్తం మీద ఆయన మాట నాకు నచ్చింది. ఎవరి గంటలు వాళ్లవి. ఆడిటు అమ్మాయికి ఇదే చెప్పాలి.

ఆగస్టు 9, శనివారం

శనివారం ఆ ఎక్కువ గంట నాకు వారమంతటిలోకీ ఇష్టమైనది. మగవాళ్లు వెళ్లిపోతారు. ఫ్యాన్ల శబ్దం, మా మాటలు, అంతే. ఇవాళ ఎవరో మునగాకు వడలు తెచ్చారు. నూనె చేతులతో వైర్లు ముట్టుకోవద్దని ఇన్‌ఛార్జి హోదాలో అరిచి, నేను మూడు తిన్నాను.

మునెమ్మ మాత్రం వడ పక్కన పెట్టి క్రింపింగ్ మిషను దగ్గర చెవి ఒగ్గి నిలబడింది. వైరు కొసకు ఇత్తడి టెర్మినల్ని నొక్కి బిగించే మిషను అది. దెబ్బ పడే చప్పుడు వినే, బిగింపు వెంట్రుకవాసి తేడాగా ఉందని చెప్పేస్తుంది. తర్వాత గేజి పెట్టి కొలిస్తే నిజమే అవుతుంది. చిత్తూరు పక్క నుంచి వచ్చి ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, మొగుడు లారీ మీద పోతే వారానికొకసారి మొహం చూపిస్తాడు. పిల్లల్ని పక్కింటి ముసలామెకు అప్పగించి వస్తుంది.

టెర్మినల్ మారినప్పుడల్లా మిషనుకు డై అనే అచ్చు మార్చాలి. ఆ పని సెట్టర్‌ది. మా సెట్టర్ గోపాలస్వామి ఒక్కడే, మూడు లైన్లకూ. ఆయన వచ్చే దాకా పదిమందిమి చేతులు కట్టుకుని కూర్చుంటాం. సెప్టెంబరు ఆఖరుకు ఆయన రిటైర్ అవుతున్నాడు. సర్టిఫికెట్టు తెచ్చుకుంటే ఆ పని మునెమ్మకే ఇస్తానని మొదలాళి అన్నారు. మా ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఆడ సెట్టర్‌ని నేనింతవరకు చూడలేదు. జీతం దాదాపు ఒకటిన్నర రెట్లు. సర్టిఫికెట్టు కోర్సు గిండీలో, సెప్టెంబరు 8 నుంచి 12 దాకా, ఐదు రోజులు. మళ్లీ పెట్టేది వచ్చే ఏడాదే.

పదో చీటీ సరిగ్గా ఆ ఐదు రోజులకే. వంతుల కోసం వేసిన లాటులో ఆఖరు నంబరు వచ్చినప్పుడు పాపం దానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు చూస్తే అదే మంచిదయింది.

ఆగస్టు 13, బుధవారం

ఆడిటు అయింది.

వచ్చిన అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. రాక్షసి కాదు. నేను బట్టీ పట్టింది మొత్తం ఓపిగ్గా విన్నది. మామగారి మాట కూడా నా మాటలా చెప్పేశాను, ఎవరి గంటలు వాళ్ల సొత్తని. ఆమె నవ్వింది. మీ ఆలోచన బాగుంది మేడం, కానీ నేను దీన్ని ఫారంలో ఏ గడిలో రాయాలి, అంది. శనివారం గంట పుస్తకంలో లేదు. సెలవు పుస్తకంలో ఈ ఐదు రోజులు లేవు. లేని గంటలకు లేని సెలవు. ఇది ఆగిపోవాలి, చేసిన గంటలకు కూలి ఇవ్వాలి, లేకపోతే ఆర్డరు నిలిపేస్తారు అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయింది.

మొదలాళి కాసేపు బల్ల మీద పెన్నును దొర్లించారు. తొమ్మిదిమందికి ముట్టేసింది, మిగిలింది మునెమ్మ ఒక్కతే, ఆమె గంటలకు రెట్టింపు కట్టి ఇచ్చేద్దాం, ఇంతటితో చీటీ మూసెయ్యి, అన్నారు.

ఆగస్టు 14

అంతా సర్దుకుంది. రెట్టింపు డబ్బు వస్తోంది. ఎవరికీ నష్టం లేదు.

ఆగస్టు 18, సోమవారం

మునెమ్మ డబ్బు తీసుకోలేదు.

కవరు ఇస్తే చేతులు వెనక్కు పెట్టుకుంది. కోర్సు వారమే ఆర్డరు పంపాల్సిన వారం. ఎక్కువ గంటలు చేసి ఆమె లోటు పూడ్చేవాళ్లు ఇప్పుడు లేరు గనక సెలవు ఇవ్వలేనని మొదలాళి ముందే చెప్పేశారు. ఆయన మాటా న్యాయమే. ఆ మిషను మీద ఆమె వేగం ఇంకెవరికీ లేదు.

"దుడ్డు నాకొద్దక్కా. దుడ్డు ఇస్తే ఆ ఐదు దినాలు యాడన్నా అంగట్లో అమ్ముతారా? నేను ఏసింది గంటలు. నాకు గంటలే ఈయండి."

మెల్లగానే చెప్పింది. నేను మామగారి మాటలు అందుకుని, ఈ రూలు లేకపోతే నీకీ కష్టం లేదు కదా, చూశావా, ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మన కష్టం తెలియదు, అని మొదలుపెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"రూలు ఏంటికి తిట్టాలక్కా. నేను ముందు చేసిన తావులో చానా గంటలు చేయించుకున్నారు, సెలవు అడిగితే గేటు చూపించినారు. మన మొదలాళి మంచోడు గాబట్టి సరిపోయె. అందురూ ఇట్లే ఉంటారా? నేను రూలును నమ్ముకోని గంటలు ఏయలేదు, మొదలాళిని నమ్ముకోనీ ఏయలేదు. నువ్వు నడిపే చీటీ గాబట్టి ఏసినా."

పైగా వెళుతూ వెళుతూ, పెద్దాయన కన్ను ఇప్పుడెట్లుండాది అని అడిగింది. బాగుంది అన్నాను.

ఆగస్టు 19

నా తప్పేముంది ఇందులో? ఆడిటును నేను పిలవలేదు.

ఆగస్టు 20

నా తప్పేమీ లేదు.

ఆగస్టు 24, ఆదివారం

వంకాయ బజ్జీ బాగా కుదిరింది. జనని రెండుసార్లు వేయించుకుని 'సూపర్ మా' అంది. ఈ ఇంట్లో నాకేమీ లోటు లేదని రాసుకోవాలి. రాజీవ్ మాట తక్కువ మనిషే గానీ, నేను ఉద్యోగానికి పోతానంటే ఒక్కనాడూ అడ్డం చెప్పలేదు.

భోజనాలయ్యాక మామగారికి చీటీ సంగతంతా చెప్పాను. రూలును ఇంకో అరగంట తిడతారు, నా మనసు తేలికవుతుంది అనుకున్నాను. ఆయన తిట్టలేదు. పదో చీటీ ఎవరిది అన్నారు. మునెమ్మది అన్నాను. తొలి చీటీ ఎవరిది అన్నారు. నాది అన్నాను. పద్ధతి కదా మామా, మా అవ్వ కూడా ప్రతి చీటీకీ తొలిది తనే తీసుకునేది అని కూడా చెప్పాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని.

"తొలి చీటీ నడిపేవాళ్లకు ఏంటికి ఇస్తారో తెలుసునా నీకు? చివరి చీటీకి పూచీ కూడా వాళ్లదే గనక. నడమ ఎవుడు ఎగేసినా, ఏ పిడుగు పడినా, కడాకు నిలబడే మనిషికి నడిపేవాళ్లు తమ చేతిది పెట్టాల. ఆ పూచీకి కూలి ఆ తొలి చీటీ. ఊరికే వచ్చేది కాదమ్మాయ్ అది."

నేను పళ్లేలు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను.

పళ్లేలు కడుగుతుంటే మా అవ్వ గాజులు గుర్తొచ్చాయి. నాకు పదేళ్లప్పుడు వాషర్‌మెన్‌పేటలో ఇరవైమంది చీటీ నడిపేది. తొలి చీటీ డబ్బుతో నాలుగు బంగారు గాజులు చేయించుకుంది. ఆ ఏడే చీటీలో ఒకడు రాత్రికి రాత్రి ఊరు వదిలాడు. కొన్నాళ్లకు అవ్వ చేతులు బోసిగా కనిపించాయి. గాజులేవి అవ్వా అంటే మెరుగుకిచ్చినా అంది. పిల్లలం నమ్మేశాం. ఆ మెరుగు నుంచి గాజులు తిరిగి రాలేదు. ఆమె మొహంలో మాత్రం నాకెప్పుడూ బాధ కనబడలేదు. చీటీలో మొదటి సగం చూసి నేర్చుకున్నాను, రెండో సగం కళ్లముందే జరిగినా చూడలేదు. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 25, సోమవారం. బస్సులో.

ఇది నా ఒక్కదానికే గనక రాసేస్తాను.

డిసెంబరులో నా ఐదు రోజులకు లైనులో నేను చెప్పిన కారణం, మామగారికి కంటి ఆపరేషను. ఆయన ఆపరేషను అయి మూడేళ్లయింది. అందరూ పాపం పాపం అన్నారు. మునెమ్మ కళ్లకు చలవని పొన్నగంటి ఆకు కట్ట తెచ్చి ఇచ్చింది.

ఇంట్లో అసలు సెలవన్న మాటే చెప్పలేదు. ఐదు రోజులూ మామూలు వేళకే డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని, మామూలు చీరే కట్టుకుని బయలుదేరాను. అంబత్తూరు బస్సు ఎక్కలేదు. మొదటి రోజు మెరీనాలో కూర్చున్నాను, ఎండ నెత్తికొచ్చే దాకా. రెండో రోజు ఎగ్మూరు మ్యూజియం. మూడో రోజు ఏ బస్సు ముందొస్తే దాన్ని ఎక్కి ఆఖరి స్టాపు దాకా పోయి, అదే బస్సులో తిరిగొచ్చాను. నాలుగో రోజు ఒక పార్కు బెంచీ మీద నిద్రపోయాను, చెప్పులు తలకింద పెట్టుకుని. ఐదో రోజు మళ్లీ మెరీనా. తిరిగినదంతా ఉచిత బస్సుల్లోనే. మామగారికి ఈ ముక్క తెలిస్తే ఆయన సిద్ధాంతానికి పక్షవాతం వస్తుంది.

ఎవరినీ కలవలేదు. ఏమీ కొనలేదు. ఇంట్లో ఉంటే ఆ ఐదు రోజుల్నీ ఇల్లే తినేసేది. అందుకే చెప్పలేదు. పెళ్లయ్యాక పంతొమ్మిదేళ్లలో ఎవరికీ చెందకుండా నేనున్నది ఆ ఐదు రోజులే. అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను గానీ, ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. రెండూ నిజమే.

కూతురి పురుడు, ఇల్లు మారడం, సెట్టర్ కోర్సు. వాళ్ల ఐదు రోజులు అలాంటివి. నాది బెంచీ మీద నిద్ర. మునెమ్మ వేసిన నాలుగు గంటలు కూడా ఆ నిద్రలో ఉన్నాయి.

దిగాల్సిన స్టాపు వచ్చింది. మొదలాళితో మాట్లాడతాను.

ఆగస్టు 25, మళ్లీ

మాట్లాడాను. ఆ ఐదు రోజులూ మునెమ్మ మిషను మీద నేను కూర్చుంటానన్నాను. మీరు ఇన్‌ఛార్జి, ఆ మిషను ముట్టుకుని ఆరేళ్లయింది, మరి మీ పని ఎవరు చేస్తారు, అన్నారు. పొద్దున గంట ముందు వచ్చి అది కూడా నేనే చేస్తానన్నాను. రాయాలా ఆ గంటలు, అని భయంగా అడిగారు. నాలాంటి ఇన్‌ఛార్జిలకు ఓవర్‌టైమ్ పుస్తకమే లేదు సార్, ఆ ఆడిటు అమ్మాయి ఫారంలో నాకసలు గడి లేదు, అన్నాను. ఇద్దరం నవ్వాం.

లెక్క తగ్గితే ఆర్డరు పోతుంది వాసంతీ, అన్నారు తర్వాత, నవ్వకుండా. రోజుకు నాలుగు వేల టెర్మినళ్లు కొట్టాలి. మునెమ్మ ఐదు వేలు కొడుతుంది. నా రోజుల్లో నేను నాలుగున్నర కొట్టేదాన్ని.

కొడతానన్నాను. మునెమ్మకు చెబితే నా చేతులు పట్టుకుని వేళ్లు తిప్పి చూసింది, పెళ్లిచూపుల్లో చూసినట్టు. "మెత్తబడిపోయినాయి గదక్కా," అంది దిగులుగా. కోర్సు ఫీజు మాత్రం ఈ సాయంత్రమే కట్టేసి వచ్చింది.

సెప్టెంబరు 8, సోమవారం

రెండు వేల ఆరు వందలు. గోపాలస్వామి నా వైపు చూసి దణ్ణం పెట్టాడు. వెటకారమో భక్తో తెలియలేదు.

సెప్టెంబరు 9

మూడు వేల నూటపది. నడుం. కుడి భుజం. రాజీవ్ నూనె రాశాడు, ఏమైందని అడక్కుండా. ఇలాంటప్పుడు ఆయన మాట తక్కువ కావడమే నాకు మేలు.

సెప్టెంబరు 10, బుధవారం

మూడు వేల ఎనిమిది వందలు. ఈ లెక్కన వారం సరాసరి అందదు. మొదలాళి అద్దాల గదిలోంచి రెండుసార్లు లేచి వచ్చి నా ట్రేలు చూసి వెళ్లారు.

మధ్యాహ్నం తర్వాత ఒక సంగతి జరిగింది. టక్ టక్ మని పోతూ పోతూ మిషను చప్పుడు మారింది. నాకు తెలిసింది! ఆరేళ్ల తర్వాత చెవి తెరుచుకున్నట్టు. ఆపి గేజి పెట్టమన్నాను. వెంట్రుకవాసి తేడా. వదిలేసి ఉంటే సాయంత్రానికి వెయ్యి ముక్కలు చెత్తబుట్టలో ఉండేవి. లైనులో అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్‌ఛార్జిని అయ్యాక నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. చాలా బాగుంది, ఇంత బాగుంటుందని మరిచిపోయాను.

సెప్టెంబరు 11

నాలుగు వేల నాలుగు వందలు.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఐదు వేల నూట పది. మునెమ్మను దాటాను, ఒక్క రోజుకైనా. మధ్యాహ్నం నుంచి లైనులోవాళ్లే నా ట్రేలు నిండకముందే తీసుకుపోయి ఖాళీవి పెట్టారు. నేనెవరినీ అడగలేదు. వారం లెక్క పంతొమ్మిది వేల ఇరవై. కావాల్సింది ఇరవై వేలు. మొదలాళి కాగితం చూసి, రేపు ఎస్టేట్‌లో కరెంటు ఉండదు, మిగిలిన తొమ్మిది వందల ఎనభై సోమవారం పొద్దున మునెమ్మ కొట్టేస్తుంది, లారీ మధ్యాహ్నానికి గదా, అని సంతకం పెట్టారు.

సెప్టెంబరు 15, సోమవారం

కొట్టేసింది. పదిన్నరకల్లా.

సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి రవికెకు ఆనించుకుని తెచ్చింది. గిండీలో క్లాసంతటికీ ఆమె ఒక్కతే ఆడదట. మొదటి రోజు టీ తెచ్చే ఆమె అనుకున్నారట. మూడో రోజు మాస్టారు డై బిగించి నడిపితే, చప్పుడు తప్పుగా ఉంది సార్ అందట. మాస్టారు గేజి పెట్టి చూసి, అప్పటి నుంచి ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టాడట. ఇదంతా నలుగురిలో చెప్పింది. నా డబ్బాలో వాళ్లమ్మ పెట్టిన ఉసిరికాయ ఊరగాయ ఒక చెంచా వేసి పోయింది.

సెప్టెంబరు 27, శనివారం

శనివారం గంట తిరిగొచ్చింది, ఈసారి పుస్తకంలోకి. ఎవరి గంటకు వాళ్లకు రెట్టింపు కూలి. ఐదు రోజులు కావాల్సినవాళ్లు వంతు ప్రకారం, కాగితం మీద, జీతం లేని సెలవు తీసుకుంటారు. మిగిలినవాళ్లు పని నెట్టుకొస్తారు. అందుకోసం కూలి దాచుకునేవాళ్లు దాచుకుంటారు, ఖర్చు పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. దుడ్డో దినమో ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. మొదలాళికి మొదట మొహం చిన్నబోయింది. డై కోసం మేం ఖాళీగా కూర్చునే గంటలు మునెమ్మ వల్ల ఎన్ని మిగులుతాయో చూపించాక ఒప్పుకున్నారు.

వంతుల జాబితా మునెమ్మే నడుపుతోంది. తొలి వంతు నీదే కదా అన్నారు అందరూ. "తొలిది నాకొద్దు. పూచీ మటుకు నాది," అంది. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలియదు. నేను ఆమెకు చెప్పలేదు.

లాటులో నాకు నాలుగో వంతు వచ్చింది. జనవరి.

మామగారికి చెబితే, చూసినావా, మనుషులే తేల్చుకున్నారు, అన్నారు. పుస్తకంలో రాసి రెట్టింపు ఇవ్వబట్టే కదా మామా తేలింది అన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అక్టోబరు 1, బుధవారం. ఆయుధ పూజ.

కుటుంబాలతో రమ్మన్నారని జననిని, మామగారిని తీసుకుపోయాను. రాజీవ్‌కి వాళ్ల కొట్లో పూజ. మిషన్లన్నిటికీ చందనం, కుంకుమ, అరటి పిలకలు. గేటు ముందు బూడిద గుమ్మడికాయ పగిలింది. బొరుగులు, బెల్లం, శనగలు పంచారు. క్రింపింగ్ మిషనుకు బొట్టు పెట్టింది కొత్త సెట్టర్ మునెమ్మ. పక్కన నిలబడి గోపాలస్వామి హారతి పట్టాడు. ఇవాళ నుంచి ఆయనకు సెలవు.

మామగారు ప్రతి మిషను దగ్గరా ఆగి పరీక్షగా చూశారు. డై మీద చెక్కిన చీమతలకాయంత అంకెల్ని కళ్లద్దాలు లేకుండా గడగడా చదివేశారు. మునెమ్మ ఎంతో సంబరపడింది.

"డిసెంబరులో ఆపరేషన్ అయిన కన్నేనా పెద్దాయనా ఇది? అక్క ఐదు దినాలు పక్కనే కూచోని చూసుకున్యంట గదా."

నా చేతిలో బొరుగుల పొట్లం. దాన్నే చూస్తూ నిలబడ్డాను. మామగారు మునెమ్మను చూశారు, నన్ను చూశారు. ముప్పై ఏళ్లు సౌకార్‌పేటలో బేరగాళ్ల మొహాలు చదివిన మనిషి. ఎక్కువ సేపు పట్టలేదు.

"ఆమా, ఆ కన్నేమ్మా. మా అమ్మాయి అంత బాగా చూసుకోబట్టే ఇయ్యాల ఇంత బాగా కనపడతా ఉండాది," అన్నారు.

తిరుగు బస్సులో జనని ముందు సీట్లో స్నేహితురాలితో ఫోన్లో తమిళంలో వాగుతోంది. మేమిద్దరం వెనక. మామగారు డబ్బిచ్చి టికెట్టు కొన్నారు. కండక్టరు నాకు ఊరికే ఇచ్చిన టికెట్టును నా చేతిలోంచి తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసి మళ్లీ ఇచ్చారు.

"ఆ ఐదు దినాలూ యాడికి పోతా ఉంటివమ్మాయ్?"

చెప్పాను. మెరీనా, మ్యూజియం, ఆఖరి స్టాపు, బెంచీ. ఏదీ దాచలేదు. ఒక్కదానివేనా అన్నారు. ఒక్కదాన్నే అన్నాను. బస్సులోనా అన్నారు. ఈ బస్సుల్లోనే మామా, ఊరికే, అన్నాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. వస్తుంది ఇక ఉపన్యాసం అనుకున్నాను. రెండు స్టాపులు పోయాయి.

"బాగుండిందా?"

"బాగుండింది మామా."

తల ఊపారు. పాడీ వంతెన దాటాక నశ్యం డబ్బా తీశారు, మూత తీయకుండానే జేబులో పెట్టుకున్నారు.

"జనవరిలో గదా నీ వంతు," అన్నారు. "ఈసారి ఇంట్లో చెప్పేసి పో. నీ గంటలు నీవి, అడిగేదెవురు? ఆ పెరుగన్నం డబ్బా మటుకు మోసుకోని పోబాకు. యాడన్నా కూచోని వేడిగా తిను."